లిథియం వాడుతూ బీపీ కోసం ఉప్పు మానేయవచ్చా?

ఒక్కసారిగా మానకూడదు. బైపోలార్‌కి (ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) వాడే లిథియంను కిడ్నీలు దాదాపు ఉప్పులోని సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో సోడియం తగ్గితే దాన్ని వెనక్కి తీసుకుంటూ లిథియంను కూడా రక్తంలోకి వెనక్కి తీసుకుంటాయి. మాత్ర మోతాదు మారకపోయినా రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. ఎండాకాలపు విపరీతమైన చెమట, విరేచనాలు, నీళ్లు కూడా తాగని ఉపవాసం చేసే పని కూడా ఇదే.

ఈ మందుకు మేలుకీ కీడుకీ మధ్య దూరం చాలా తక్కువ. సాధారణంగా రక్తంలో లీటరుకు 0.6–1.0 మిల్లీమోల్ ఉండాలి, 1.5 దాటితే విషప్రభావం, పెద్దవయసువాళ్లలో అంతకన్నా ముందే. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు పరీక్షకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర మింగి వెళ్తే అంకె ఎక్కువ చూపించి తప్పుదారి పట్టిస్తుంది.

వేళ్లు సన్నగా వణకడం, దాహం, తరచూ మూత్రం చాలామందిలో ఉంటాయి. వణుకు పెద్దదై వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం మొదలైతే మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నాకు ఎక్కువ భయం మెడికల్ షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలంటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లిథియంను పెంచుతాయి, పారాసిటమాల్ ఫర్వాలేదు. బీపీ మందుల్లో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పెంచుతాయి, కాబట్టి బీపీ డాక్టరుకు లిథియం సంగతి ముందే చెప్పండి.