పక్క తబేలాల గుర్రాలకు అంటుజబ్బు వచ్చింది, మన గుర్రాలను ఎట్ల కాపాడుకోవాలె?

అన్నా, మీ సవాలు చదివిన. నాలుగిండ్ల అవతల తబేలాల గుర్రాలకు ముక్కు కారుతుంది, దవడ కింద గడ్డలు లేచినయి, మీయి రెండు ఇంకా మంచిగనే ఉన్నయి, ముందుగాలనే సూది ఏపియ్యాల్నా అని అడిగిన్రు. మాది మహారాష్ట్రల దెగ్లూర్ దిక్కు, పెండ్లి బరాత్‌లకు గుర్రాలు నడుపుతం, ఒకసారి మా గల్లీలకు కూడ ఇసొంటి జబ్బే దిగింది గని మా గుర్రాలకు అంటలే.

సూది సంగతి పక్కకు పెట్టుండ్రి, జ్వరమే లేని గుర్రానికి యాంటీబయాటిక్ పొడిస్తే పైసలు పోవుడే. ముందు అది ఏం జబ్బో తెల్వాలె. దవడ కింద గడ్డ పండి చీము కారితే శానా మట్టుకు స్ట్రాంగిల్స్ అయితది, గడ్డలు లేకుండ ఒట్టి పొడిదగ్గు రెండు మూడు రోజులల్ల తబేలా అంతటికీ పాకితే ఫ్లూ అనుకోవచ్చు, దానికి టీకా ఉంది. అసలు భయపడాల్సింది గ్లాండర్స్‌కు. ముక్కు లోపల పుండ్లు, జిగట చీము, కాళ్ల మీద వరుసగ బుడిపెలు, అది మనుషులకు కూడ అంటుతది, టీకా లేదు. 2006ల మన మహారాష్ట్రల మళ్ల బయటపడ్డది ఇదే. సర్కారీ పశువుల డాక్టర్ రక్తం తీసి హర్యానాల హిసార్‌ల ఉన్న గుర్రాల పరిశోధన కేంద్రానికి పంపిస్తడు, పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపుడే, నష్టపరిహారం ఇస్తరు. గందుకే జనం దాస్తరు. గుర్రం మీదనే ఇల్లు నడిచేటోళ్ల బాధ నాకు తెల్సు, అయినా ఇంట్ల పిల్లలు ఉన్నప్పుడు దాసుడు తప్పే అంట నేనైతే.

ఇగ మీ చేతిల ఉన్నది థర్మామీటర్. మెడికల్ షాపుల దొరికే డిజిటల్‌దే సాలు, గుర్రానికి దాన్ని ముడ్డిల పెట్టి చూస్తరు, గందుకే వెనుకకు దారం కట్టి తోక కాడ క్లిప్ పెట్టుండ్రి, లేకుంటే లోపలికి పోతది. పొద్దుగాల, మాపటికి చూసి గోడ మీద రాయుండ్రి. మామూలుగ 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటది, ఎండల నిలబడి వచ్చినంక ఎక్కువనే చూపిస్తది, గది లెక్క కాదు. నీడల ఉన్నప్పుడు గూడ 101.5 దాటితే అదే గంటల ఆ గుర్రాన్ని దూరం కట్టుండ్రి, ఎందుకంటే స్ట్రాంగిల్స్‌ల ముందు జ్వరం వస్తది, ముక్కుల నుంచి జబ్బు బయటికి రావడానికి ఇంకో ఒకటి రెండు రోజులు పడుతది. చీము కనపడేదాంక చూసినోళ్ల తబేలా మొత్తం పడకేస్తది.

తర్వాత మనుషులు, సామాన్లు. సీజన్‌ల మనం ఒకరి సాజు ఒకరం అడుక్కుంటం కదా, మీద కప్పే మఖ్మల్ జూలు, లగాం, దాణా పెట్టే తోబ్రా సంచి, ఒళ్లు రుద్దే ఖరారా, అన్నీ బంద్. లగాం నోట్లకెళ్లి వస్తది, అది జబ్బుకు పక్కా తొవ్వ. నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టెటోడు, రెండు తబేలాలు తిరుగుతడు, ముందు మీ కాడికి వచ్చి ఆడికి పోవాలె గని ఆడికెళ్లి మీ కాడికి కాదు. గల్లీల నీళ్ల హౌద్ ఒక్కటే ఉంటే మీ గుర్రాలకు బకెట్లు వేరే పెట్టుండ్రి, స్ట్రాంగిల్స్ క్రిమి నీళ్లల్ల శాన రోజులు బతుకుతది. బ్లీచింగ్ సల్లుతం అంటరు అందరు, పేడ మీద సల్లితే ఏం కాదు, ముందు సబ్బుతోని రుద్ది కడిగి, ఆరినంక బ్లీచింగ్, తర్వాత ఎండ.

మా కాడ అసలు తంటా తబేలాల పని చేసే పొరగాడు, మా తబేలాల, జబ్బున్న తబేలాల, రెండు తావుల చేస్తుండె. మా చిన్నాయన వాని కూలి ఆపకుండ, జబ్బు పోయేదాంక ఆ జబ్బు తబేలాలనే ఉండు, మాది మేం చూసుకుంటం అన్నడు. ఇంట్ల అందరు గునిసిన్రు గని అదే పనికొచ్చింది అనిపిస్తది నాకు.

ముక్కు ఎండంగనే అయిపోయింది అనుకోకుండ్రి. స్ట్రాంగిల్స్ నుంచి కోలుకున్న గుర్రం కూడ గొంతు సంచులల్ల జబ్బు దాసుకొని నెలల తరబడి అంటిస్తది, డాక్టర్ తోని శాంపిల్ తీపించి నెగెటివ్ వచ్చినంకనే కలువనియ్యుండ్రి. మాళేగావ్ ఖండోబా జాతరల కొత్త గుర్రం కొన్నా మూడు వారాలు వేరే కట్టుడే.

గ్లాండర్స్ రిపోర్ట్ తేలేదాంక మీయి మంచిగున్నా సరే బరాత్ ఒప్పుకోకుండ్రి, అడ్వాన్స్ తీసుకొని ఉంటే వాపస్ ఇయ్యుండ్రి. పక్కోళ్లు డాక్టర్‌ను పిలిచిన్రా లేదా అది రాయలే మీరు. పిలువకుంటే మీరే తాలూకా పశువుల దవాఖానకు పోయి చెప్పుండ్రి, ఇయ్యాలనే.