గళ్ల ఫ్లానెల్ చొక్కా: వెచ్చదనమంతా నూగులోనే

ప్రశ్న: ఫ్లానెల్ అని చెబితే మా అబ్బాయికి గళ్ల చొక్కా కొన్నాం. పొద్దుటి చలికి ఏమాత్రం ఆగడం లేదు. అది నిజంగా ఫ్లానెలేనా? ఎలా తెలుస్తుంది?
(పాఠకురాలు, ఆదిలాబాద్)

జవాబు: గళ్లు డిజైన్ మాత్రమేనండీ, ఫ్లానెల్ అనేది బట్ట. నేసిన బట్టను తీగముళ్లున్న రోలర్ల మీదుగా నడిపితే పోగుల కొసలు లేచి నూగు వస్తుంది. అందులో చిక్కుకున్న గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చొక్కాను మడతపెట్టి, ఆ మడత అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అంచు వెంట సన్నటి నూగు కనబడాలి. అంచు నున్నగా ఉంటే అది మామూలు గళ్ల చొక్కానే.

తర్వాత తిరగేసి చూడండి. లోపలివైపు కూడా రంగు అంతే ముదురుగా ఉంటే రంగు నూలుతో నేసిన గళ్లు. వెలిసినట్టుంటే పైన అచ్చు వేసినవి. అచ్చు గళ్ల బట్ట కూడా వెచ్చగానే ఉండొచ్చు గానీ కాలర్ మడత, మోచేతుల దగ్గర త్వరగా తెల్లబారుతుంది. బరువు కూడా అడగండి. హైదరాబాద్ చలికి 150 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) సరిపోతుంది. మీ ఊరికి 200 దాటినదే తీసుకోండి.

ప్రశ్న: ఎన్ని ఫ్యాషన్లు మారినా చలికాలం రాగానే ఈ గళ్లే ఎందుకు కనిపిస్తాయి?
(పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఇది మొదట పనివాళ్ల బట్ట కావడం వల్ల. ఉన్ని ఫ్లానెల్‌కు పేరొచ్చింది బ్రిటన్‌లోని వేల్స్‌లో. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన వుల్‌రిచ్ కంపెనీ 1850లో తెచ్చిన ఎరుపు, నలుపు పెద్ద గళ్ల చొక్కా కలప కొట్టేవాళ్ల గుర్తుగా మారింది. 1990ల మొదట్లో సియాటిల్ రాక్ బృందాలు పాత ఫ్లానెల్ చొక్కాలతో వేదిక ఎక్కాక కుర్రకారు అందుకుంది. నా లెక్కలో అసలు బలం నేతలోనే ఉంది. ఆ ఎరుపు, నలుపు కలిసే గడిని దగ్గరగా చూడండి, రెండు రంగుల పోగులూ ఏటవాలు గీతలుగా కనిపిస్తాయి. రెండే రంగుల నూలుతో మూడు ఛాయలు! మరకా, మాసికా అందులో కలిసిపోతాయి.

ప్రశ్న: బట్ట కొని కుట్టించుకోవాలి. ఎంత తీసుకోవాలి? ఉతికితే పొట్టిదవుతుందని, ఉండలు కడుతుందని అంటున్నారు.
(పాఠకుడు, కరీంనగర్)

జవాబు: 58 అంగుళాల పన్నా అయితే ఫుల్ హ్యాండ్స్‌కు రెండు మీటర్లు తీసుకోండి. గళ్లు కలపడానికి కొంత బట్ట పోతుంది. నూలు ఫ్లానెల్ తొలి ఉతుకుల్లో 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. అంటే 75 సెంటీమీటర్ల పొడవులో మూడు సెంటీమీటర్లకు పైగా పోవచ్చు. అందుకే కత్తిరించకముందే బట్టను ఒకసారి ఉతికి, నీడన ఆరేయాలి. నూగు అన్ని ముక్కల్లోనూ కిందికే ఉండేలా కత్తిరించమని టైలర్‌కు చెప్పండి. లేదంటే ఒక చెయ్యి ముదురుగా, ఇంకోటి లేతగా కనబడుతుంది. జేబును ఏటవాలుగా కత్తిరిస్తే గళ్లు కలిపే బాధ ఉండదు. ముందు గుండీపట్టీ దగ్గర మాత్రం కలవాల్సిందే.

పొట్టి పీచు నూలైతే కొసలు రాపిడికి బయటికొచ్చి చుట్టుకుంటాయి. అవే ఉండలు. చంకలు, బ్యాగు పట్టీ ఆనే చోట ఎక్కువ. గోటితో లాగకండి, లాగితే మరిన్ని పోగులు వస్తాయి. ఉండలు తీసే మెషీన్‌తో తేలిగ్గా గీయండి. తిరగేసి, చల్లటి నీళ్లలో, జీన్స్‌తో కలపకుండా ఉతకండి. బ్రష్ పెట్టి రుద్దొద్దు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. నూగున్న నూలు బట్టకు అసలే మంట త్వరగా అంటుకుంటుంది, కండిషనర్‌తో ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చలిమంటకు, గ్యాస్ పొయ్యికి దూరంగా ఉండండి, ముఖ్యంగా పిల్లలు.

ప్రశ్న: జనవరిలో చదువుకు అమెరికాలోని మినియాపొలిస్ వెళ్తున్నాను. రెండు ఫ్లానెల్ చొక్కాలు చాలవా?
(విద్యార్థిని, గుంటూరు)

జవాబు: చాలవమ్మా. అక్కడ జనవరిలో సున్నాకు చాలా దిగువకు పోతుంది. ఫ్లానెల్ మధ్య పొర మాత్రమే. ఒంటికి ఆనుకుని థర్మల్ (చలికి వేసుకునే లోదుస్తు), దానిపై ఫ్లానెల్, పైన గాలి చొరబడని జాకెట్ ఉండాలి. నూలు చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, తడి ఆరకముందే బయటికెళ్తే వణుకు పుడుతుంది. లోపల థర్మల్ పట్టేలా ఒక సైజు పెద్దది కొనండి. బరువైన జాకెట్ అక్కడే కొనుక్కోవచ్చు.