కామాల జాబితాను లైన్లుగా విడగొట్టడం గురించి

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

కామాలతో ఒకే లైనులో ఉన్న పేర్లను లైనుకొకటిగా ఎలా మార్చాలని అడిగావు. కమాండు సంగతి తర్వాత. ముందు ఫైలు తెరిచి పేర్ల మధ్య ఏముందో కళ్లారా చూడు. వట్టి కామాయా, కామా పక్కన ఖాళీ కూడా ఉందా? ఏ కమాండు వాడాలో దాన్నిబట్టే తేలుతుంది.

వట్టి కామా అయితే టీఆర్ (tr) చాలు. లినక్స్ టెర్మినల్‌లో ఒక గుర్తును ఇంకో గుర్తుగా మార్చే కమాండు అది. ఒంటి కోట్లలో కామా, తర్వాత ఒంటి కోట్లలోనే బ్యాక్‌స్లాష్ ఎన్, అంటే న్యూలైను (కొత్త లైను గుర్తు). ఫైలు పేరు నేరుగా ఇస్తే టీఆర్ తీసుకోదు, లెస్‌దేన్ గుర్తుతో అందించాలి.

ఖాళీలు కూడా ఉంటే వాటినీ టీఆర్‌కే అప్పగించకు, రెండు మాటల పేర్లు ముక్కలైపోతాయి. అక్కడ సెడ్ (sed) వాడు, రాతలో ఒకదాన్ని వెతికి దాని చోట ఇంకొకటి పెట్టే కమాండు. ఎస్, స్లాష్, కామా, ఖాళీ, స్టార్, స్లాష్, బ్యాక్‌స్లాష్ ఎన్, స్లాష్, జీ. ఆ స్టార్ వల్ల కామా వెనక ఖాళీలు ఎన్ని ఉన్నా, అసలు లేకున్నా సరిపోతుంది. జీ మరిచిపోతే లైనులో మొదటి కామా ఒక్కటే మారుతుంది. మ్యాక్‌లోని సెడ్ మాత్రం ఈ బ్యాక్‌స్లాష్ ఎన్‌ను న్యూలైనుగా తీసుకోకపోవచ్చు. అలాంటప్పుడు బ్యాక్‌స్లాష్ కొట్టి నిజంగానే ఎంటర్ నొక్కాలి.

తెలుగు రాతతో పనిచేసేవాడివి కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో. లినక్స్‌లో మనం వాడే గ్నూ టీఆర్ అక్షరాలను కాదు, బైట్లను మారుస్తుంది. కామా ఒకే బైటు కనుక తెలుగు పేర్ల మధ్య ఉన్నా ఇబ్బంది లేదు. కానీ పద్యపాదాల చివర పెట్టే దండం (।) యూటీఎఫ్-8లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో, 3 బైట్లు. దాని మొదటి బైటే మన తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు. దండం దగ్గర విడగొట్టమని టీఆర్‌కు చెప్పావంటే ప్రతి అక్షరమూ విరిగిపోతుంది. దానికీ సెడ్డే వాడు.

పేరులోనే కామా ఉండి డబుల్ కోట్లలో పెట్టిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) అయితే ఇవేవీ వద్దు. పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ ఉంది.

ఫలితాన్ని ఎప్పుడూ వేరే ఫైలులోకి పంపు. చదివే ఫైలులోకే గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టి, ఒకసారి ఒక పూట టైపు చేసిన జాబితా మొత్తం పోగొట్టుకున్నాను. కమాండు మొదలవకముందే షెల్ (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాము) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది.

చివరగా లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ హైఫన్ ఎల్ (wc -l) కమాండుతో లెక్క చూసుకో. కామాల కంటే ఒకటి ఎక్కువ రావాలి. సమానంగా వస్తే పేరేదో పోయిందని కంగారుపడకు. డబ్ల్యూసీ లెక్కపెట్టేది న్యూలైన్లను; నీ ఫైలులో చివరి పేరు తర్వాత అది లేదన్నమాట.

మీ మామయ్య