జీవోలో రేటు ఒకటే, పట్టికలో హోదా వేరు

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా పనిచేసేవారికి జీవో ప్రకారం అందరికీ ఒకే రేటు కదా, మరి ఆడవారికి జీతం తక్కువని ఎందుకంటారు? నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. మీరు రేటు దగ్గర వెతుకుతున్నారు కాబట్టి మీకు కనబడటం లేదు. నేను 2010 నుంచి 2015 వరకు ఒక పారిశుధ్య ఏజెన్సీలో లెక్కల గుమాస్తాగా పనిచేశాను. కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రిని ఊడ్చి, తుడిచి, చెత్త ఎత్తే కాంట్రాక్టు మాది. నెలనెలా మస్టరు, అంటే హాజరు పట్టీ, చూసి వేతనాల పట్టిక రాసింది నేనే. ఆడవారికి ఒక రేటు, మగవారికి ఒక రేటు అని కాగితం మీద రాసిచ్చేంత అమాయకుడు ఏ కాంట్రాక్టరూ కాడు. తేడా అంతా ‘హోదా’ అనే గడిలోనూ ‘పనిచేసిన రోజులు’ అనే గడిలోనూ దాగి ఉంటుంది.

మా దగ్గర ముఖ్యమైన రిజిస్టర్లు రెండుండేవి. మొదటిది కార్మికుల రిజిస్టరు. అందులో పేరు, వయసు, స్త్రీయా పురుషుడా, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, చేరిన తేదీ ఉండేవి. రెండోది వేతనాల రిజిస్టరు. అందులో పేరు, హోదా, పనిచేసిన రోజులు, రేటు, కోతలు, చేతికిచ్చిన మొత్తం, సంతకం లేదా వేలిముద్ర ఉండేవి. అంటే ఆడా మగా తేడా తెలిసే పుస్తకంలో జీతం లేదు, జీతం ఉన్న పుస్తకంలో ఆడా మగా తేడా లేదు. నేనున్న అయిదేళ్లలో తనిఖీకి వచ్చిన ఏ అధికారీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. కులం గడి ఏ పుస్తకంలోనూ లేదు, దాని అవసరమూ లేదు. ఊడ్చేవారంతా ఇంచుమించు రెండు మూడు పేటల నుంచే వచ్చేవారు, అవి ఎవరి పేటలో ఊళ్లో అందరికీ తెలుసు. సూపర్‌వైజర్లు నలుగురిలో ఆ పేటలవారు ఒక్కరూ లేరు, ఆడవారూ ఒక్కరు లేరు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారి వివరాలు సేకరించిన కేంద్ర ప్రభుత్వం, వారిలో 90 శాతానికి పైగా ఎస్సీ, ఎస్టీ, బీసీలేనని 2024లో లెక్క చెప్పింది. ఆ వార్త చదివి మా ఆసుపత్రిలో ఆశ్చర్యపోయే మనిషి ఒక్కరూ ఉండి ఉండరు.

ఇక 2013 వేసవిలో జరిగిన సంగతి చెబుతాను. కాంట్రాక్టరు జీతాలు పంచేటప్పుడు ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే ఆసుపత్రి, తరఫు మనిషి ఎదురుగా ఉండాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పేది. మా దగ్గర ఆ మనిషి ఎప్పుడూ ఉండేవాడు కాదు. పంపకం అయిపోయాక పుస్తకం పట్టుకుపోయి సంతకం పెట్టించుకునేవాళ్లం. ఆ నెల మాత్రం ఆసుపత్రికి కొత్తగా వచ్చిన ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) చెప్పాపెట్టకుండా వచ్చి, పాత ఓపీ చీటీల కౌంటరు పక్కన నేను వేసుకున్న బల్ల దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

వరుసలో ముందు ఒక కుర్రాడు, వెనకే అతని తల్లి. ఆమె పదకొండేళ్లుగా ప్రసూతి వార్డులో పనిచేస్తోంది. ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు గాని ఆమె మారలేదు. మూడు నెలల కిందట ఆ కుర్రాణ్ని పనిలో పెట్టించిందీ ఆమే, ఫినాయిలు ఎంతలో కలపాలో, నెత్తుటి గుడ్డ ఏ రంగు సంచిలో వేయాలో దగ్గరుండి నేర్పిందీ ఆమే. కుర్రాడు కవరు విప్పి డబ్బు లెక్కపెట్టుకున్నాడు: 7,245 రూపాయలు. ఆమె వేలిముద్ర వేసి తన కవరు చూసుకుంది: 5,779 రూపాయలు. అప్పట్లో జీవో ప్రకారం అవుట్‌సోర్సింగ్‌లో అట్టడుగు తరగతికి నెలకు 6,700, దాని పై తరగతికి 8,400. పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలు పోగా ఇద్దరికీ ముట్టింది అదీ.

“బాబూ, ఆడి కవరూ నా కవరూ మారిపోయినట్టున్నాయి, ఓపాలి సూడు” అంది.

“మారలేదమ్మా, మీవాడు మెషీన్ ఆపరేటరు, అందుకని” అన్నాను.

“ఏ మెషీను?” అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. పదకొండేళ్లుగా తాను తిరుగుతున్న ఆసుపత్రిలో తాను చూడని మెషీను ఏదుందా అని ఆమెకు నిజంగానే సందేహం వచ్చింది. నేను నీళ్లు నమిలాను. ఆర్‌ఎంవో గారు కుర్చీలోంచి లేచి, “నాకూ తెలియదమ్మా, పద, చూసొద్దాం” అన్నారు.

ఎక్స్‌రే గది పక్కన మెట్ల కింద ఉంది ఆ మెషీను. నేల రుద్దే పెద్ద యంత్రం. టెండరు వేసినప్పుడు మా పరికరాల జాబితాలో మొదటి వరుసలో రాసుకున్నది. దాని మీద ఖాళీ సెలైన్ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పట్టుకుని నడిపే కడ్డీ మీద తడి మాపు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అడుగున గుండ్రటి బ్రష్షు లేదు. కరెంటు తీగ కోసేసి ఉంది. మిగతా తీగ ఎక్కడని ఆరా తీస్తే, సూపర్‌వైజర్ల గదిలో నిలువు ఫ్యానుకు అతికించారని తేలింది. “దీనికి ఆపరేటర్లు ఎంతమంది?” అని ఆర్‌ఎంవో గారు అడిగారు. తొమ్మిది మంది అన్నాను. తొమ్మిది మందీ మగవారే. వారు పట్టుకునేదీ మాపు కర్రే, ఆ తల్లి పట్టుకునేదీ మాపు కర్రే. ఆయన ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు. ఒకే పని చేసేవారికి రెండు రేట్లు ఎలా ఇస్తారో తెలుపుతూ వారంలోగా సరిచేయాలని సాయంత్రానికల్లా మెమో ఇచ్చారు.

మెమో సంగతి మా యజమానికి ఫోనులో చెప్పాను. “సరిచెయ్యమన్నారు కదా, చెయ్యి. ఆ తొమ్మిది మందినీ కిందికి దించు” అన్నాడు. పై తరగతికి మంజూరైన పోస్టులు తొమ్మిదేనట, ఆడవారిని పైకెక్కిస్తే ఆ తేడా తన జేబులోంచి పోతుందట. మరుసటి నెల పట్టికలో ‘మెషీన్ ఆపరేటర్’ అన్నచోటల్లా ‘శానిటేషన్ వర్కర్’ అని నేనే రాశాను. తొమ్మిది ఇళ్లకు నెలకు పధ్నాలుగు వందల అరవై ఆరు రూపాయలు తగ్గాయి, సమానత్వం వచ్చేసింది. ఆ కుర్రాడు తల్లితో చాలా రోజులు మాట్లాడలేదని తర్వాత విన్నాను. ఆమె మరుసటి నెల వచ్చి వేలిముద్ర వేసి, కవరు విప్పకుండానే కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది.

చాలా కాలం తర్వాత గాని నాకు తెలియని సంగతి ఇంకొకటుంది. 1976 నాటి సమాన వేతన చట్టంలో నాలుగో సెక్షనుకు రెండో ఉపవిభాగం ఉండేది: సమాన వేతనం ఇచ్చాననిపించుకోవడానికి ఏ యజమానీ ఏ కార్మికుని వేతన రేటునూ తగ్గించరాదని దాని భావం. 2019 వేతనాల కోడ్‌లోనూ ఇదే మాట మళ్లీ రాశారు. అంటే నేను ఆ నెల చేసిన దిద్దుబాటును నిషేధిస్తూ పార్లమెంటు ముప్పై ఏడేళ్ల ముందే ఒక వాక్యం రాసి పెట్టిందన్నమాట. మెమో ఇచ్చిన అధికారికీ ఆ వాక్యం తెలియదు, నాకూ తెలియదు, మా యజమానికి తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. హోదా పేరు మార్చి జీతం తగ్గించే ఎత్తు కూడా కొత్తదేమీ కాదు. బొంబాయిలో మెకినన్ మెకంజీ కంపెనీ తన మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుష స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇస్తూ, వీరు ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు’, వీరిదో వేరే తరగతి అని వాదించింది. 1987లో సుప్రీంకోర్టు, చూడవలసింది చేసే పనినేగాని తగిలించిన పేరును కాదని ఆ వాదనను తోసిపుచ్చింది. స్టెనోగ్రాఫర్ కాబట్టి కోర్టు దాకా వెళ్లగలిగింది. ప్రసూతి వార్డు తుడిచే ఆమె మా బల్ల దాకా రావడమే ఎక్కువ.

రెండో గడి, అంటే పనిదినాల గడి, ఇంకా మోసకారిది. రేటు ఒకటే అయినా రోజులు ఒకటి కావు. ఎవరైనా రాకపోతే ఆ షిఫ్టు కూడా చేసిన వారికి మరో మస్టరు పడుతుంది. మేము దాన్ని ‘డబుల్’ అనేవాళ్లం. రాత్రి డబుల్ ఎవరికివ్వాలో సూపర్‌వైజరు ఇష్టం. ఆడవారికి రాత్రి షిఫ్టు వద్దని వారి క్షేమం కోరినట్టు మాట్లాడేవారు గాని, ఆ క్షేమం కోరినవారు అక్కడ పనిచేసే ఆడవారికి బట్టలు మార్చుకోవడానికి ఒక గది ఇప్పించలేకపోయారు. వారు శవాల గది వెనక గోడ చాటున చీరలు మార్చుకునేవారు. మగవారికి నెలకు ముప్పై రెండు, ముప్పై మూడు మస్టర్లు పడేవి. ఆడవారికి ఇరవై ఆరు దాటేవి కావు, పిల్లలకు జ్వరం వస్తే ఇరవై రెండు. ప్రసవానికి వెళ్లినవారి సంగతి మరీ అన్యాయం. చట్టప్రకారం వారి పని వారికి ఉండాలి, కాని ఏడాదికోసారి టెండరు మారినప్పుడు కొత్త ఏజెన్సీ కొత్త జాబితా రాసుకుంటుంది, ఆ సమయానికి ఎదురుగా లేనివారి పేరు అందులో ఉండదు. ఎవరూ ఎవరినీ తీసేయరు, అయినా పేరు పోతుంది. ప్రసూతి వార్డు తుడిచిన మనిషి తన కాన్పుకు వెళ్లి పని పోగొట్టుకోవడం నేను రెండుసార్లు చూశాను.

ఇలాంటి ప్రశ్న ఎవరడిగినా 2016 నాటి జగ్జీత్ సింగ్ తీర్పును తెచ్చి అతికించే పెద్దమనుషులంటే నాకు చిరాకు. పంజాబ్ ప్రభుత్వం కేసులో సమాన పనికి సమాన వేతనం అని సుప్రీంకోర్టు చెప్పిన మాట గొప్పదే, కాని అది ప్రభుత్వం స్వయంగా నియమించుకున్న తాత్కాలిక ఉద్యోగుల సంగతి. మధ్యలో ఏజెన్సీ ఉంటే, ‘వీరు మా ఉద్యోగులే కారు’ అని శాఖ చేతులు దులుపుకుంటుంది. పైగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని సవరించినప్పుడు, సంస్థ ప్రధాన కార్యకలాపాల కిందికి రాని పనుల జాబితాలో మొట్టమొదట రాసింది పారిశుధ్యాన్నే. ఆపరేషన్ థియేటరు ఒక్క పూట తుడవకుండా వదిలేసి చూడమనండి, అది ప్రధానమో కాదో తేలిపోతుంది.

ఇప్పుడు పరిస్థితి మారలేదా అంటే, కొంత మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జీతాలు నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడటం మొదలైంది; కమీషన్ల బెడద తగ్గిందని నా పాత సహోద్యోగులే ఒప్పుకుంటారు. కాని అవుట్‌సోర్సింగ్ తరగతులు మూడూ మూడుగానే ఉన్నాయి. 2022 జనవరిలో వాటికి నిర్ణయించిన నెల జీతాలు 21,500, 18,500, 15,000. అదే వేతన సవరణలో రెగ్యులర్ ఉద్యోగి కనీస మూలవేతనం 20,000. తెలంగాణలో 2021లో నిర్ణయించినవి 22,750, 19,500, 15,600. అక్కడ రెగ్యులర్ కనీసం 19,000. ఏ ఆసుపత్రికైనా వెళ్లి చూడండి: కంప్యూటరు ముందు, వాహనం నడిపే చోట, జనరేటరు దగ్గర ఎవరున్నారో, చీపురు దగ్గర ఎవరున్నారో. పోస్టుకు రేటు కట్టారు, ఆ పోస్టులో ఎవరిని కూర్చోబెట్టాలన్నది మాత్రం సూపర్‌వైజరుకే వదిలేశారు. అందుకే ‘జీవోలో భేదం లేదు’ అన్న మాట నిజమూ అవుతుంది, పనికిరానిదీ అవుతుంది.

అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీలో పనిచేసే మా మేనల్లుడు, చేరిన రోజున స్త్రీ పురుష భేదం, జాతి అడిగే ఫారం తన చేతికిచ్చారని ఒకసారి చెబితే నాకు అసూయ కలిగింది. ప్రభుత్వ సొమ్ము తినే కాంట్రాక్టరు వివక్ష చూపరాదని 1965లో జాన్సన్ అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు, 1967లో దానికి స్త్రీ పురుష వివక్షను కూడా చేర్చారు. అరవై ఏళ్ల పాటు నడిచిన ఆ ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశారు. మనకైతే రద్దు చేయడానికి కూడా అలాంటిదొకటి లేదు.

మీరు నిజంగా తెలుసుకోవాలనుకుంటే, సమాచార హక్కు చట్టం కింద మీ ఊరి ఆసుపత్రికి దరఖాస్తు పెట్టండి. ‘స్త్రీలకు ఎంత, పురుషులకు ఎంత’ అని అడగకండి. ‘అటువంటి సమాచారం ఈ కార్యాలయంలో లేదు’ అని ఒక్క వాక్యంలో జవాబిస్తారు, అది అబద్ధమూ కాదు. ఒకే నెలకు సంబంధించిన కార్మికుల రిజిస్టరు, వేతనాల రిజిస్టరు, టెండరుకు జతచేసిన యంత్రాల జాబితా, ఈ మూడింటి నకళ్లు అడగండి. వ్యక్తిగత వివరాలంటూ పేర్లు కొట్టేసి ఇచ్చినా పరవాలేదు, రెండు రిజిస్టర్లనూ కలిపేది క్రమసంఖ్య. దాన్ని బట్టి ఒక్కొక్క వరుసా జతచేసుకుంటూ పోతే ఒక మధ్యాహ్నంలో పని అయిపోతుంది. ఆ తర్వాత ఎక్స్‌రే గది పక్కన మెట్ల కింద కూడా ఒకసారి చూసి రండి.