‘ఫేడ్ అవే’ అంటే మసకబారడమేనా?

సందేహం: ఒక అనువాద కథలో ‘అడుగుల చప్పుడు దూరంగా మసకబారింది’ అని చదివాను. మూలంలో ‘ఫేడ్ అవే’ అని ఉందట. ఈ వాడుక సరైనదేనా? ‘ఫేడ్ అవే’కి తెలుగులో ఏ మాట వాడాలి?

సమాధానం: చప్పుడు మసకబారదండి. మసక కంటికి సంబంధించింది. చూపు మసకబారుతుంది, అద్దం మసకబారుతుంది. జ్ఞాపకాన్నీ మనసులో చూస్తున్నట్టే అనుకుంటాం కనుక అదీ మసకబారుతుంది. చెవితో పనిపడ్డ చోట ఆ మాట నప్పదు. ఇక ‘దూరంగా’ అన్నది ‘అవే’కి చేసిన మక్కికిమక్కి అనువాదం. ఆ ‘అవే’ ముఖ్యంగా చెప్పేది కొంచెంకొంచెంగా తగ్గి చివరికి లేకుండా పోవడాన్ని. అందులో ‘లేకుండా పోవడం’ మనకు ‘పోవు’తోనే వచ్చేస్తుంది: వాడిపోయింది, మాసిపోయింది. కాబట్టి ‘అడుగుల చప్పుడు సన్నగిల్లి, వినపడకుండా పోయింది’ అంటే చాలు. ‘సద్దుమణిగింది’ అనాలనిపించవచ్చు. అది గొడవకో హడావిడికో తగిన మాట. నడిచి వెళ్లిపోయే మనిషి అడుగులు సద్దుమణగవు.

అందుకే ‘ఫేడ్ అవే’కి ఒక్క మాట చెప్పమంటే చెప్పలేను. ఏది తగ్గుతోందో చూసి క్రియను ఎంచుకోవాలి. ఆశ సన్నగిల్లుతుంది, కోపం చల్లారుతుంది, రంగు వెలుస్తుంది. ఈ ‘వెలవడం’ తమాషా అయినది. వాన వెలిసిందంటే ఆగిపోయింది, చీర వెలిసిందంటే రంగు పోయింది, దేవుడు వెలిశాడంటే మాత్రం ప్రత్యక్షమయ్యాడు! నిఘంటువుల్లో ‘వెలియు’, ‘వెలయు’ వేర్వేరు క్రియలు. నోటి వాడుకలో రెండూ కలిసిపోయాయి.

మనుషుల విషయంలో ‘కనుమరుగవడం’ బాగుంటుంది. 1951 ఏప్రిల్ 19న అమెరికా కాంగ్రెస్‌లో జనరల్ మెకార్థర్ వీడ్కోలు ప్రసంగం చేస్తూ, పాత సైనికులు చావరని, ‘ఫేడ్ అవే’ అవుతారని ఒక పాత సైనిక గీతాన్ని గుర్తుచేశాడు. అక్కడ ‘వెలిసిపోతారు’ అంటే నవ్వులపాలే. ‘మెల్లగా కనుమరుగవుతారు’ అనాలి. కంటికి మరుగు, అంటే చాటు, కావడం. మనిషి ఉన్నాడు, కనబడడంతే. ‘అంతరించిపోతారు’ అన్నామా, చావరన్న మాటే దెబ్బతింటుంది.

‘ఫేడ్ అవుట్’ వేరు. సినిమాలో దృశ్యాన్నో పాటనో కావాలని మెల్లగా తగ్గించేయడం అది. ఆ రంగంలో వాళ్లు ఇంగ్లిష్ మాటే వాడతారు, దాన్ని మార్చాలని నాకు లేదు. ‘షర్టు ఫేడ్ అయింది’ అన్నా అభ్యంతరం లేదు. నొప్పి ఫేడ్ అయిందని మాత్రం ఎవరూ అనరు, తగ్గిందంటారు.