రాత్రంతా ఎవరి కోడో చదువుతున్నాడు, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం. స్నేహితులంతా వెబ్ డెవలప్‌మెంట్, ఏఐ అంటుంటే వీడు లినక్స్ కెర్నల్‌లో టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చే కోడ్‌ను రివ్యూ చేస్తున్నానంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాడు. రాసేది వేరేవాళ్లు, వీడికి పైసా రాదు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. టెన్షన్‌గా ఉంది. అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి, మియాపూర్

జవాబు: ముందు ఆ పనేమిటో చెబుతాను, మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ కెర్నల్. వేరేవాళ్లు పంపిన కోడ్ మార్పులో (దాన్నే ప్యాచ్ అంటారు) తప్పులున్నాయేమో చూడటమే రివ్యూ. ఈ కెర్నల్‌లో చాలా సెట్టింగులు ఫైళ్లలా కనిపిస్తాయి. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో 100 అని రాస్తే లోపలికి చేరేది మూడు అక్షరాలు, వాటి వెనకే ఒక న్యూలైన్ (లైను ముగిసిందని చెప్పే గుర్తు). వాటిని సంఖ్యగా మార్చడానికి ‘సింపుల్ స్ట్ర్‌టోల్’ లాంటి పాత ఫంక్షన్లు ఉన్నాయి. వాటికి 12ఏబీసీ అని ఇస్తే 12 తీసుకుని ఊరుకుంటాయి. సంఖ్య హద్దు దాటినా చెప్పవు. వచ్చిన విలువను 0 నుంచి 255 దాకానే పట్టే 8 బిట్ల వేరియబుల్‌లో పెడితే 256 కాస్తా 0 అయిపోతుంది. అందుకే 2011లో ‘కె స్ట్ర్‌టోల్’ కుటుంబం వచ్చింది. చివర ఒక్క న్యూలైన్‌ను క్షమిస్తుంది, చెత్త ఉంటే ఒక ఎర్రర్, హద్దు దాటితే ఇంకో ఎర్రర్ ఇస్తుంది.

అయితే పాతది తీసేసి కొత్తది పెట్టేస్తే సరిపోతుందా? రివ్యూ చేసేవాడి తెలివి తెలిసేది ఇక్కడే. ఎప్పటి నుంచో 64కె అనో, ఖాళీ ఇచ్చి రెండు సంఖ్యలనో రాస్తున్న స్క్రిప్టులు ఎక్కడో ఉంటాయి. కొత్త ఫంక్షన్ వాటిని తిప్పికొడుతుంది. నిన్నటి దాకా నడిచిన యూజర్ ప్రోగ్రామ్ ఇవాళ ఆగకూడదన్నది కెర్నల్ వాళ్లు గట్టిగా పట్టుకున్న నియమం. సంఖ్యను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే ‘బేస్’ స్థానంలో 0 ఇస్తే ఇంకో తిరకాసు: 0100ను ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టే పద్ధతి) అనుకుని 64గా చదువుతుంది. పది లైన్ల ప్యాచ్‌లో ఇన్ని ప్రశ్నలు వేయగలిగితే కుర్రాడికి కెర్నల్ రాసిన సీ భాష వంటబట్టిందని నేను నమ్ముతాను. సర్టిఫికెట్ చూసి మాత్రం నమ్మను.

హైదరాబాద్‌లో దీనికి గిరాకీ ఉంది. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలకు ఇక్కడ ఆఫీసులున్నాయి. చిప్‌లను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు వాళ్లకు కావాలి. వెబ్‌తో పోలిస్తే పోస్టులు తక్కువే, కానీ సీ గట్టిగా వచ్చిన ఫ్రెషర్లు ఇంకా తక్కువ.

ఇప్పుడు మీవాడికి నాలుగు మాటలు. చదివి ‘బాగుంది’ అనడం రివ్యూ కాదు బాబూ. ప్యాచ్ కలిపిన కెర్నల్‌ను క్యూఈఎంయూలో (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) బూట్ చేసి, ఖాళీ స్ట్రింగ్, మైనస్ 1, 255, 256 ఇచ్చి చూడు. ఏం ఇస్తే ఏం వచ్చిందో రాసి పంపు. ‘రివ్యూడ్-బై’ అని నీ పేరు పెట్టావంటే అది కోడ్ మార్పులన్నీ నమోదయ్యే గిట్ చరిత్రలో ఉండిపోతుంది, అర్థం కాని ప్యాచ్‌కు పెట్టకు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు అలాంటి రెండు మూడు రివ్యూల లింకులు రెజ్యూమేలో పెట్టుకో.

ఒక్క విషయంలో మాత్రం నేను మీ పక్షమే. క్యాంపస్‌లో మొదటి వడపోత ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్ల రౌండ్లే. అవి దాటకపోతే కెర్నల్ గురించి అడిగేవాళ్లే ఉండరు. రోజూ సాయంత్రం గంటన్నర వాటికి పెట్టించండి. పన్నెండు దాటితే ల్యాప్‌టాప్ మూయించండి.

కోర్సు ఫీజు ఇప్పుడు కట్టొద్దు. కెర్నల్ డాక్యుమెంటేషన్ అంతా ఉచితమే. ఆ డబ్బు చేతిలో ఉంటే ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచి ఇవ్వండి, కెర్నల్ కంపైల్ చేసేటప్పుడు పనికొస్తుంది.