చిన్న టాబ్లెట్ కొనేముందు మేనకోడలికి ఒక ఉత్తరం

వెస్ట్ మాంబలం, చెన్నై

అమ్మాయ్,

‘అమ్మ చదువుకోవడానికి ఏడెనిమిది వేలలో చిన్న టాబ్లెట్ కొందామనుకుంటున్నాను, నీది ఎలా ఉంది మామయ్యా’ అని అడిగావు. బాగుంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రేపు మీ అమ్మ చేత తిట్లు తినేది నేనే. నా చెల్లెలి సంగతి నీకంటే ముందునుంచీ నాకు తెలుసు కదా!

దుకాణంలో చూసినప్పుడు నాకూ కళ్లు చెదిరాయి. వెలుతురు నిండుగా పెట్టి, సముద్రంలో రంగురంగుల చేపల వీడియో వేసి చూపించారు. చేపలు ఏ తెర మీదైనా అందంగానే ఉంటాయి. ఇంటికొచ్చి, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే ‘థ’ పొట్టలో చుక్క కనబడలేదు. అది ‘థ’నో ‘ధ’నో వాక్యాన్ని బట్టి ఊహించుకోవలసి వచ్చింది. వత్తులైతే అక్షరాల కింద పేరుకున్న నలుసుల్లా ఉన్నాయి.

తప్పంతా తెరది కాదులే. నాది ఎనిమిది అంగుళాల తెర, అంటే మూలనుంచి మూలకు కొలత. నిలువుగా పట్టుకుంటే వెడల్పు 11 సెంటీమీటర్లు కూడా ఉండదు. ఏ4 కాగితం వెడల్పు 21. పేజీ సగానికి కుంచించుకుపోతుంటే అక్షరం మాత్రం ఏం చేస్తుంది? డెమీ సైజు నవల అయితే 14 సెంటీమీటర్లే కాబట్టి చుట్టూ ఉన్న తెల్ల అంచులు కత్తిరించి చూపే యాప్ వాడితే హాయిగా చదవవచ్చు. పెద్ద పేజీలకు టాబ్లెట్‌ను అడ్డంగా తిప్పి, సగం సగం చదువుకోవాలి. ఈపబ్ అనే రకం ఈ-పుస్తకాలతో ఈ బాధ లేదు, అక్షరాలను ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. అందుకని, మీ అమ్మ చదివే పుస్తకం ఒకటి నీ ఫోనులో పెట్టుకుని దుకాణానికి వెళ్లు. దాన్ని అక్కడే టాబ్లెట్‌లోకి పంపి తెరిచి, ‘థ’ వెతుకు. పెట్టె మీద తెర చుక్కల (పిక్సెళ్ల) లెక్క 1024, 600 అని ఉంటే వద్దు. 1280, 800 ఉన్నదే చూడు.

నాది 2 జీబీ ర్యామ్, అంటే తెరిచిన పనులను గుర్తుంచుకునే మెమరీ. అక్కడ పిసినారితనం చేసి తప్పు చేశాను. చదువుతూ చదువుతూ వాట్సాప్ చూసి వెనక్కి వస్తే పుస్తకం మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. నువ్వు 4 జీబీకి తగ్గకు. పుస్తకాలు దాచుకునే చోటు 32 జీబీ అని పెట్టె మీద రాసి ఉన్నా, లోపలి సరుకు పోను నాకు మిగిలింది 20. మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉందో లేదో చూసుకో. కార్డు మాత్రం బిల్లు ఇచ్చేచోటే కొను. ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో చవగ్గా వచ్చిందని నేను తెచ్చిన 128 జీబీ కార్డులో 8 నిండగానే ఫైళ్లు పాడవడం మొదలైంది. ఆ వీధిలో కవరు, తెరకు అద్దం మాత్రం కళ్లు మూసుకుని కొనవచ్చు.

మొదటి రాత్రి దాన్ని చూసి బెంగపడకు. అప్‌డేట్లు దిగుతుంటాయి, వేడెక్కుతుంది, నత్తలా నడుస్తుంది. మర్నాటికి సర్దుకుంటుంది. మూడో రోజుకీ అలాగే ఉంటే గడువు లోపల తిరిగి ఇచ్చేయి. ఛార్జర్ సంగతీ అంతే. పాత ఫోనుది, 5 వాట్లది పెట్టి, ఐదు గంటలైనా నిండలేదని నేను బ్యాటరీని అనుమానించాను. 10 వాట్లది పెడితే మూడు గంటల్లో నిండింది.

మన ఊరి చెమటకు ఇంకో తంటా ఉంది. మే నెలలో వేలు తడిగా ఉంటే తెర ఒకచోట నొక్కితే ఇంకోచోట పలుకుతుంది. పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోమను. మధ్యాహ్నం వరండాలో అయితే పుస్తకం బదులు మన మొహమే కనబడుతుంది. పడుకుని చదవవద్దని కూడా చెప్పు. మూడు వందల పైచిలుకు గ్రాములే కదా అనుకున్నాను, నిద్ర పట్టగానే ముక్కు మీద పడింది. మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతోంది.

డబ్బు పెట్టేముందు ఒక పని చెయ్యి. ఆదివారం వేళచ్చేరి నుంచి ఇటు వచ్చి, నాది తీసుకెళ్లి నాలుగు రోజులు మీ అమ్మ చేతికిచ్చి చూడు. కవరు మీద కాఫీ మరక మీ అత్తయ్యది, నాది కాదు.

మీ మామయ్య